కెక్కొనెన్ పదవీకాలం లెక్క ఎందుకు కుదరడం లేదంటే...

ఫిన్లాండ్ అధ్యక్షుడిగా పనిచేసిన కెక్కొనెన్ గడువుల పట్టిక వేస్తుంటే 1974 ఎన్నిక ఎక్కడా కనిపించడం లేదని అడిగారు కదా, మీ లెక్కలో తప్పేమీ లేదండీ. ఫిన్లాండ్‌లో అధ్యక్షుడి గడువు ఆరేళ్లు కాబట్టి 1956, 1962, 1968 తర్వాత 1974లో ఎన్నిక జరగాలి. మీకు అది ఎక్కడా దొరకకపోవడానికి కారణం, ఆ ఎన్నిక అసలు జరగనే లేదు. 1973 జనవరిలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఉర్హో కెక్కొనెన్ గడువును 1978 దాకా, అంటే నాలుగేళ్లు పొడిగించింది. అనుకూలంగా 170 ఓట్లు, వ్యతిరేకంగా 28. యూరోపియన్ ఆర్థిక సమాజంతో (నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపం) వాణిజ్య ఒప్పందం చేసుకుంటుంటే పక్కనున్న సోవియట్ యూనియన్‌కు అనుమానం రాకుండా ఆయనే ఉండాలన్నది అప్పటి వాదన.

1956లో మొదటిసారి, అధ్యక్షుడిని ఎన్నుకునే 300 మంది ప్రతినిధుల (ఎలక్టర్ల) ఓట్లలో 151–149తో గట్టెక్కిన మనిషి ఆయన! 1961లో హవాయిలో ఉండగా సైనిక సంప్రదింపులకు రమ్మంటూ మాస్కో నుంచి లేఖ వచ్చింది. ఆయన సోవియట్ నగరం నోవోసిబిర్స్క్ వెళ్లి సోవియట్ నేత కృశ్చేవ్‌తో మాట్లాడి ఆ గండం దాటించారు. ఈలోగా 1962 ఎన్నికలో ఆయన ప్రత్యర్థి హోంకా పోటీ నుంచి తప్పుకున్నారు. నన్ను ఇప్పటికీ కలచివేసేది ఇదే: దేశాన్ని కాపాడిన చేతులే ప్రజల ఎంపికను కుదించేశాయి. అయినా 1975లో 35 దేశాలను ఐరోపా భద్రత, సహకార సదస్సు కోసం హెల్సింకీలో ఒకచోట కూర్చోబెట్టిన ఘనతను తక్కువ చేయలేం.

1978లో మళ్లీ గెలిచినా, అనారోగ్యంతో 1982 జనవరిలో దిగిపోయారు. మీ పట్టికలో '1968–1978' ఒకే వరుసగా రాయండి, సరిపోతుంది. వరుసగా రెండుసార్లకు మించి కుదరదన్న నిబంధన ఆయన తర్వాత వచ్చిందే.