ఉద్యోగం మానకుండా విదేశంలోనే టీచర్ అర్హత: నా అనుభవం

దుబాయ్‌లోని ఒక బ్రిటిష్ పాఠశాలలో టీచింగ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాననీ, డిగ్రీ ఉన్నా బి.ఎడ్. లేదనీ, ఉద్యోగం మానకుండా అర్హత సంపాదించే దారి ఉందా అనీ అడిగారు. ఉంది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఇక్కడికి వచ్చిన నేను, మీలాగే మూడేళ్లు అసిస్టెంటుగా చేసి, ఆ తర్వాత ఆ దారిలోనే క్యూటీఎస్ (క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్) అనే టీచర్ హోదా పొందాను.

ముందుగా ఒక తేడా గమనించండి. అంతర్జాతీయ పీజీసీఈ (డిగ్రీ తర్వాత చేసే బోధనా సర్టిఫికెట్ కోర్సు) విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్హత. క్యూటీఎస్ ఇంగ్లాండ్ ప్రభుత్వం గుర్తించే వృత్తి హోదా. మొదటిది పూర్తిచేసినంత మాత్రాన రెండోది రాదు. నాకు సలహా ఇచ్చిన ఏజెంటు ఈ మాట దాచిపెట్టి ఫీజు కట్టించబోయాడు. విదేశంలో పనిచేస్తూనే క్యూటీఎస్‌కు చేరుకునే శిక్షణ ఐక్యూటీఎస్, అంటే అంతర్జాతీయ క్యూటీఎస్. ఇంగ్లాండ్ విద్యాశాఖ దాన్ని 2022లో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది.

ఈ శిక్షణలో వ్యాసాల కన్నా తరగతి గదిలోనే ఎక్కువ నేర్చుకున్నాను. విద్యుత్ వలయాల పాఠం చెప్పి, "అర్థమైందా?" అని అడిగితే 24 మంది పిల్లలూ ఒక్క గొంతుతో "యెస్" అన్నారు. వెనుక కూర్చున్న మెంటరు ఏమీ అనకుండా, మర్నాడు అందరి చేతికీ చిన్న వైట్‌బోర్డులు ఇచ్చి, బల్బుకు ముందూ తర్వాతా కరెంటు ఎంత ఉంటుందో రాయించమన్నారు. తొమ్మిది మంది బల్బు దాటాక కరెంటు తగ్గుతుందని తప్పుగా రాశారు. నేను వేసిన ప్రశ్న ఎంత పనికిరానిదో ఆ బోర్డులు చూశాకే తెలిసింది. ఇంగ్లాండ్ ఉపాధ్యాయ ప్రమాణాలు ఎనిమిదింటిలో ఆరవదైన మూల్యాంకనం అంటే ఏమిటో నాకు బోధపడింది ఆ రోజే.

అందుకే ఫీజు కట్టకముందే మీ ప్రిన్సిపాల్‌ను కలిసి, మెంటరుకు ప్రతివారం మీకోసం సమయం కేటాయిస్తారా, మీకు సొంతంగా బోధించే పీరియడ్లు ఇస్తారా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. రెండో పాఠశాలలో కూడా కొంతకాలం బోధించవలసి ఉంటుంది కనుక, అందుకు కావలసిన సెలవు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. నాకు ఆ ఏర్పాటు ఆలస్యమై, చివరి నెలల్లో చాలా ఆందోళన పడ్డాను.

మీకు బి.ఎడ్. ఉండి ఉంటే మార్గం వేరుగా ఉండేది. గణితం, సైన్సు, భాషలను 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు బోధించే అర్హత ఉన్న భారతీయ ఉపాధ్యాయులు 2023 ఫిబ్రవరి నుంచి క్యూటీఎస్‌కు నేరుగా దరఖాస్తు చేసుకోగలుగుతున్నారు.

ఇంకొక మాట. క్యూటీఎస్ ఉన్నంత మాత్రాన ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో డీఎస్సీ రాయడానికి అర్హత రాదు. అక్కడ ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తించిన శిక్షణ, టెట్ ఉత్తీర్ణత రెండూ కావాలి. తిరిగి వెళ్లి ప్రభుత్వ బడిలో చేరాలన్న ఆలోచన మీకుంటే, బి.ఎడ్.కు బదులుగా దీన్ని ఎంచుకోకండి.