సీఆర్ గడువు ముగిస్తే హెచ్‌-1బి ట్రాన్స్‌ఫర్ ఆగుతుందా? – సమాధానం

కంటిన్యూయింగ్ రిజల్యూషన్ (సీఆర్) గడువు దగ్గరపడింది, కంపెనీ మారుతున్నాను, నా హెచ్‌-1బి (అమెరికా ఉద్యోగ వీసా) సంగతేంటని అడిగారు. అంత భయపడాల్సిన పని లేదండీ, కానీ ఈ వారం మాత్రం వృథా చేయకండి.

అమెరికాలో ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. అప్పటికి 12 బడ్జెట్ బిల్లులూ పాస్ కాకపోతే, దాదాపు పాత లెక్క ప్రకారమే కొన్నాళ్లు ఖర్చుపెట్టుకోమని కాంగ్రెస్ చేసే తాత్కాలిక చట్టమే ఈ సీఆర్. ఆ గడువూ దాటితే, నిధులు లేని శాఖల్లో అత్యవసరం కాని పని ఆగిపోతుంది. దీన్నే షట్‌డౌన్ అంటారు.

మీ ట్రాన్స్‌ఫర్ పిటిషన్ చూసే అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ ఎక్కువగా మనం కట్టే ఫీజులతోనే నడుస్తుంది కాబట్టి అది ఆగదు. చిక్కంతా ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్, అంటే పిటిషన్‌కు ముందు కంపెనీ తీసుకోవాల్సిన ఆమోదం) దగ్గరే. దాన్ని ఇచ్చేది కార్మిక శాఖ. 2013లో షట్‌డౌన్ వచ్చినప్పుడు ఎల్‌సీఏలు ఆగిపోయాయి. 2018-19లో 35 రోజులు షట్‌డౌన్ నడిచినా ఆగలేదు, ఎందుకంటే కార్మిక శాఖకు ఏడాది మొత్తానికీ నిధులు అప్పటికే పాస్ అయ్యాయి. 2025 అక్టోబర్‌లో మళ్లీ ఆగాయి. అందుకే వార్తల్లో షట్‌డౌన్ అన్న మాట వినగానే కంగారుపడకుండా, కార్మిక శాఖ బిల్లు పాసైందా లేదా అన్నది చూడండి.

ఎల్‌సీఏకి మామూలుగా 7 పనిదినాలు పడుతుంది. కొత్త కంపెనీ లాయర్‌తో ఇవాళే మాట్లాడి వేయించండి. అది చేతికొచ్చి, పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు అందిందని తేలేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. గ్రీన్‌కార్డ్‌కు ముందు కంపెనీ తీసుకునే లేబర్ సర్టిఫికేషన్ (పెర్మ్) కూడా కార్మిక శాఖదే, అది పెండింగ్‌లో ఉంటే ఆలస్యానికి సిద్ధంగా ఉండండి.