కల్లు మానగానే ఫిట్స్ వచ్చాయి: దుకాణం మూయించాలా, వద్దా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. మహిళా సంఘం లీడర్‌ని. కల్లు దుకాణం మూయించాలని ఆడవాళ్లమంతా కూర్చుని అనుకున్నాం. ముందు మా ఇళ్లలోనే మాన్పించాలని మా ఆయనతో ఒట్టు వేయించాను. రెండో రోజుకి ఒళ్లంతా వణుకు, ఎవరెవరితోనో మాట్లాడటం, రాత్రి ఫిట్స్. మళ్లీ తాగాకే కుదుటపడ్డాడు. గాలి సోకిందని అత్తమ్మ అంటోంది. ‘నీ ఉద్యమం మా మగవాళ్లను చంపేలా ఉంది’ అని సంఘంలోనే తిడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: గాలీ కాదు, ధూళీ కాదు. తాగాక తగ్గిందంటేనే మానేయడం వల్ల వచ్చిన బాధ అని తెలుస్తోంది. అది అచ్చమైన చెట్టు కల్లు కాకుండా, మత్తు మందులు కలిపిన కల్లు అయి ఉండొచ్చు. అలాంటి కల్లులో డైజోఫాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ల తరబడి వాటికి అలవాటైన మెదడుకు అవి ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి సరుకు ఆగినప్పుడు మీ జిల్లా నుంచే ఎంతోమందిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఒట్టు వేయించడం తప్పు కాదు, డాక్టరు లేకుండా వేయించడమే తప్పు.

కాబట్టి ఆయన చేత మళ్లీ ఒక్కసారిగా మాన్పించకండి. తాగుతున్నప్పుడే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు, ఫిట్స్ ఎన్నిసార్లు అన్నవి చీటీ మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు మాత్రలు ఇచ్చి వారాల తరబడి మోతాదు తగ్గిస్తారు. వారంలో బాగున్నాడని మీరే ఆపేస్తే కథ మొదటికొస్తుంది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా అసలే వద్దు. ఫిట్స్ రాగానే 108కి ఫోన్ చేయండి, వాటంతటవే ఆగుతాయేమోనని చూస్తూ కూర్చోవద్దు. తెలియకుండా అన్నంలో కలిపే ‘మందు మాన్పించే పొడి’ జోలికి మాత్రం పోకండి. కొన్నింటిలో ఉండే డైసల్ఫిరాం పడ్డాక తాగితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

ఇక ఊరి సంగతి. దుకాణం కన్నా ముందు జాబితా. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని, రోజూ తాగేవాళ్లు ఎవరు, పొద్దున్నే తాగకపోతే చేతులు వణికేది ఎవరికి, ఇదివరకు ఫిట్స్ ఎవరికి వచ్చాయి అని మూడు ప్రశ్నలే అడగండి. ఆడవాళ్లనూ రాయండి. మీ సంఘంలోనే సాయంత్రం సీసా తాగేవాళ్లు ఉంటారు, వాళ్లను దాస్తే మొదట ప్రమాదంలో పడేది వాళ్లే. జాబితాను పంచాయతీ గోడకు అంటించకండి, మీటింగులో చదవకండి. పరువు పోయిందన్న మనిషి ఆసుపత్రికి రాడు, ఇంకో ఊరి దుకాణానికి పోతాడు. ఆ పేర్లతో పీహెచ్‌సీ డాక్టరును కలిసి, వణుకు, ఫిట్స్ ఉన్నవాళ్లను ముందు పంపించండి. మత్తు మాన్పించే చికిత్స ఎక్కడో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, మనసు బాగోలేకపోతే 14416, ఇంట్లో కొడుతుంటే 181. మూడూ ఉచితమే.

దుకాణానికి లైసెన్సు ఉంటే మీరు తాళం వేయలేరు, వేస్తే కేసు మీ మీదే పడుతుంది. గ్రామసభ తీర్మానం పెట్టి, శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపమని ఎక్సైజ్ వాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పంచనామా మీ ఎదుటే రాయించండి, సీలు మీ ఎదుటే వేయించండి. కిరాణా కొట్లో మందు అమ్మే బెల్టు షాపు లైసెన్సు లేని దందా, దాని మీద వేరే ఫిర్యాదు ఇవ్వండి. ఒక్క మాట: చెట్టెక్కే గీత కార్మికులతో పోరు పెట్టుకోకండి. కలిపేది ఎక్కడో వాళ్లకే బాగా తెలుసు, చెట్టు కల్లు అమ్ముకోనిస్తే వాళ్లలో కొందరు మీ వైపే నిలబడతారు.