టేకు రైతులకు తోడుగా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సత్తుపల్లి వైపు పట్టా భూముల్లో టేకు పెంచుకుంటున్న కుటుంబాలకు సలహాలిచ్చే పనిలో చేరావని తెలిసి సంతోషించాను. ముప్పై ఏళ్లు ఆ తోటల్లోనే తిరిగినవాడిని కనుక నాకు తోచినవి రాస్తున్నాను.

తోటలోకి వెళ్లే ముందు ఆ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని, చెట్ల వయసు కన్నా ముందు పిల్లల వయసులు అడుగు. నా తొలి రోజుల్లో ఒక రైతుతో, చేవ, అంటే లోపలి గట్టి కలప, ఇంకా పట్టలేదు, మరో పదేళ్లు ఆగమని చెప్పి వచ్చాను. చెట్టు వరకు ఆ మాట సరైనదే. కానీ మరుసటి వేసవిలో కూతురి పెళ్లి ఉందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ముహూర్తం దగ్గరపడ్డాక ఆయన తోటంతా ఒక వ్యాపారికి గంపగుత్తగా ఇచ్చేశాడు. ఆ ఖర్చుకు ఎన్ని చెట్లు చాలునో ముందే కూర్చుని లెక్క కట్టుకుని ఉంటే మిగిలిన తోట నిలిచేది.

రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 1,000 మొక్కలు పడతాయి. ఐదారేళ్లకు కొమ్మలు ఒకదానినొకటి ఒరుసుకుంటాయి కనుక అప్పుడు పలచన చేయక తప్పదు. బతికున్న చెట్టును కొట్టమంటావా అని నీ మీద కోప్పడతారు. వాదించకు, గట్టు మీద ఒంటరిగా పెరిగిన చెట్టుకూ తోట నడుమ ఉన్న చెట్టుకూ టేపు చుట్టించి, ఆ కొలతలు వాళ్ల చేతే చదివించు.

అమ్మకం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. వ్యాపారులు సాధారణంగా వాడేది పావు చుట్టుకొలత లెక్క: దుంగ నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదానిని దానితోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. నిజానికి అందులో ఉన్న కలప 12.7 ఘనపుటడుగులు. ఆ తేడా కోతలో పోయే తరుగు కిందకు వస్తుందంటారు, అది వాడుకలో ఉన్న పద్ధతే. అయితే ఆ తరువాత కూడా కోత తరుగంటూ మళ్లీ తగ్గిస్తే అది రెండోసారి కోసుకోవడమే. అందుకే ధర మాట్లాడే ముందు ఏ లెక్కన కొలుస్తారో అడిగించు.

కాగితాల సంగతి తెలిసిందే: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత భూమిలోని టేకు కొట్టడానికైనా అనుమతి కావాలి, కలప కదలడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్ కావాలి. అసలు చిక్కు పట్టా ఇంకా తాతగారి పేరున ఉన్న ఇళ్లలో వస్తుంది. విరాసత్, అంటే వారసుల పేరున పట్టా మార్పు, కాకుండా దరఖాస్తు పెడితే, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి సంతకం కోసం ఫైలు నెలల తరబడి ఆగుతుంది. ఆ పని చెట్లు చిన్నవిగా ఉన్నప్పుడే చేయించు.

నా పాత టేపు పంపుతున్నాను. మొదటి మూడు అంగుళాల అంకెలు చెరిగిపోయాయి కనుక అడుగు గుర్తు నుంచి కొలిచి, ఆ పన్నెండు అంగుళాలు తీసివేయడం మరచిపోకు.

మీ మామయ్య