కొండ మీద రెండు రాత్రులు, సముద్రం దగ్గర రెండు, పట్నంలో రెండు

తిరుపతి

చి.ల.సౌ. అమ్మాయికీ, చిరంజీవి అల్లుడుగారికీ పెద్దమ్మ ఆశీస్సులు.

ఇద్దరికీ ఒకేసారి వారం రోజులు సెలవు దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కొండలూ సముద్రమూ పట్నమూ మూడూ చూడాలని మీ కోరికట. నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా చూశానమ్మా. ఊటీ, కొడైకెనాల్, రామేశ్వరం, పాండిచ్చేరి, నడుమ బెంగళూరు. అవన్నీ మంచి ఊళ్లే. కానీ ఆ లెక్కన పోతే పెళ్లయ్యాక మీకు దొరికిన మొదటి సెలవులో సగం బస్సు సీట్లలోనే గడిచిపోతుంది. పెద్దనాన్నా నేనూ ఇన్నేళ్లు తిరిగిన అనుభవంతో చెప్తున్నాను, మీరు కోరిన మూడూ మన తిరుపతి చుట్టుపక్కలే ఉన్నాయి. ఏ మజిలీకైనా మూడున్నర గంటలు మించి ప్రయాణం ఉండదు. హైదరాబాదు నుంచి నేరుగా తిరుపతికి రండి, తిరుగు ప్రయాణం మద్రాసు నుంచి పెట్టుకోండి. వెనక్కి వచ్చే రోజు ఒకటి మిగులుతుంది.

ముందు తేదీల సంగతి. చలికాలం అనగానే అందరూ డిసెంబరు అంటారు. మన వైపు డిసెంబరు సగం దాకా వానాకాలమే అనుకోండి. ఈశాన్య రుతుపవనాలు వెళ్లేదాకా బంగాళాఖాతంలో ఎప్పుడు వాయుగుండం పడుతుందో తెలియదు. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దాటేలోపే మద్రాసును ముంచేసింది, రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డిసెంబరు చివర్లో రావచ్చుగానీ వైకుంఠ ఏకాదశి, కొత్త సంవత్సరం రద్దీ కలిసిందంటే తిరుపతిలో గది దొరకడమే కష్టం. సంక్రాంతికి ఊళ్లకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, జనవరి మూడో వారంలో రండి. వానలు తెరిపిస్తాయి, చెరువుల్లో, వాగుల్లో నీళ్లు ఇంకా ఉంటాయి, చలీ హాయిగా ఉంటుంది. జనవరి 26 పక్కన శనాదివారాలు వచ్చాయేమో చూసుకోండి, వస్తే ఆ రోజుల్లో కొండ మీద ఉండొద్దు.

ఇంకో మాట ఖచ్చితంగా చెప్తున్నాను, నొచ్చుకోవద్దు. ఈ వారంలో చుట్టాల ఇళ్లకు పోవద్దు. మీరు వస్తున్నారని తెలిస్తే చిత్తూరు చిన్నాన్న పిలుస్తాడు, పుత్తూరు అత్త పిలుస్తుంది, పీలేరు వాళ్లు దారిలోనే కదా అంటారు. ఒక ఇంట్లో టిఫిను, ఒక ఇంట్లో భోజనం, ప్రతి చోటా చీర, రవిక గుడ్డ, ఫోటోలు. ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి గంట కూడా మిగలదు. నేను అందరికీ ముందే చెప్పి ఉంచుతాను, ఉగాదికి వస్తారని. మా ఇంట్లో కూడా ఒక్క రాత్రే, అదీ దారిలో పడుతుంది కాబట్టి.

దర్శనం లేకుండా ఎట్లా అని మీ అమ్మ అడుగుతుంది, నాకు తెలుసు. మూడు వందల రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో ఇస్తారు, తేదీ ఖాయం కాగానే చూడండి. దొరికితే దాన్ని మూడో రోజు సాయంత్రానికో నాలుగో రోజు పొద్దునకో పెట్టుకోండి. దొరకకపోతే సర్వదర్శనం లైన్లో నిలబడి ఒక రోజంతా పోగొట్టుకోవద్దు. తిరుచానూరు అమ్మవారిని చూసి, కపిలతీర్థంలో నీళ్లు దూకుతుంటే కాసేపు కూర్చోండి. స్వామి దగ్గరికి విడిగా, ఆ పని మీదే రండి.

ఇక మొదటి రోజు. పొద్దున దిగగానే ఇంటికి రాకుండా కారు మాట్లాడుకుని నేరుగా హార్స్లీ హిల్స్‌కు బయల్దేరండి. డ్రైవరుతో సహా మూడు రోజులకు మాట్లాడుకోండి, అల్లుడుగారు నడపొద్దు. ఆయనకు బండి మీద చెయ్యి ఎంత ఉన్నా, భాకరాపేట ఘాట్ మలుపులు తెలిసినవాళ్లకే మంచిది, పైగా దారి మీద కళ్లు పెట్టిన మనిషి పక్కన ఉన్న కొండలేం చూస్తాడు? చీకటి పడ్డాక మాత్రం ఆ ఘాట్ ఎక్కొద్దు, దిగొద్దు.

దారిలో చంద్రగిరి. గంటన్నర చాలు. కోటలోని పురావస్తు శాఖ మ్యూజియం శుక్రవారం మూసేస్తారు, గుర్తుపెట్టుకోండి. మూడంతస్తుల రాజమహల్, కాస్త ఎడంగా రాణీమహల్, వెనకాల నిట్టనిలువు కొండ. ఈ కోట గురించి ఒక సంగతి మనసులో ఉంచుకోండి, ప్రయాణం చివర్న పనికొస్తుంది. ఇంగ్లీషువాళ్లు మద్రాసుకు రాకముందు దుగరాజపట్నంలో కొట్టు పెట్టారు, అది మన తీరమే, వాకాడు పక్కన. అక్కడ సాగక దక్షిణానికి జరిగి, 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర సముద్రపుటొడ్డున జాగా రాయించుకున్నారు. ఆ నాయకుడు చంద్రగిరి రాయల కింద వాడు. ఆ జాగాలో లేచిందే సెయింట్ జార్జి కోట, దాని చుట్టూ పెరిగిందే మద్రాసు. మీరు వెళ్లబోయే కొండ దారీ, సముద్రమూ, పట్నమూ ఒకే కథలోవి. నాకు ఈ దారి ఇంత ఇష్టం కావడానికి అదే కారణం.

మదనపల్లెలో భోజనం చెయ్యండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పక్కన శెనక్కాయ ఊరుబిండి. అల్లుడుగారు గోదావరి వైపు వారు, సంగటి ముద్ద నమలకుండా పులుసులో అద్ది మింగాలని నువ్వే చెప్పాలి. వీలైతే బెసెంట్ థియోసాఫికల్ కాలేజీ ముందు ఒక్క నిమిషం ఆగండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడ బస చేసినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి రాశాడు.

హార్స్లీ హిల్స్ మీద రెండు రాత్రులు. సముద్ర మట్టానికి 1,265 మీటర్ల ఎత్తు, ఊటీలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందుకే గడ్డకట్టే చలి ఉండదు, స్వెట్టరూ ఒక శాలువా చాలు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర ఇల్లు కట్టుకున్నాక ఆ పేరు వచ్చింది, మనవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. ఏనుగులు పెంచిన పిల్ల మల్లమ్మ అని చెప్పుకుంటారు, గుడి ఉంది. 1859లో నాటిన పెద్ద యూకలిప్టస్ చెట్టు ఉంది, దానికి కల్యాణి అని పేరు. ఇవన్నీ ఒక పూటలో చూడొచ్చు. మిగతా సమయమంతా ఖాళీగా ఉంచుకోండి, నేను చెప్పేది అదే. పొద్దున్నే ఆరు గంటలకు లేచి గాలిబండ మీదికి పోండి. కింద పల్లెలన్నీ మంచులో మునిగి ఉంటాయి, ఎండ ఎక్కేకొద్దీ ముందు చెరువులు మెరుస్తాయి, తర్వాత పొలం గట్లు తేలతాయి, చివరికి రోడ్డు మీద పోయే లారీలు కనిపిస్తాయి. గాలి ఎంత గట్టిగా ఉంటుందంటే కొంగు నడుముకు చుట్టుకోవాల్సిందే. బండ అంచుకు ఫోటోల కోసం పోవద్దు, మంచుకు రాయి జారుతుంది. కోతులు ఎక్కువ, తినే వస్తువులు చేతిలో కనిపించనీయొద్దు, గది కిటికీలు వేసుకోండి.

మూడో రోజు దిగి వస్తూ తలకోన. 270 అడుగుల జలపాతం, వానలు బాగా పడిన ఏడు జనవరిలో కూడా నీళ్లుంటాయి. మెట్లు, రాళ్లు ఎక్కాలి, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, పాలిష్ చెప్పులు పనికిరావు. మధ్యాహ్నం మూడింటికల్లా అడవి దాటి వచ్చేయండి. ఆ రాత్రి మా ఇల్లు. వేడినీళ్లు కాచి ఉంచుతాను, బట్టలు ఉతికి ఆరేస్తాను, మీరు తిని పడుకోండి.

నాలుగో రోజు సముద్రం వైపు. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట. ఇక్కడ మాత్రం లాడ్జీలు సాదాగా ఉంటాయి, రిసార్టులు ఊహించుకోవద్దు. అయినా రెండు రాత్రులు ఉండమంటున్నానంటే పులికాట్ కోసమే. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు పక్కలా నీళ్లే. తెల్లవారుజామున ఆటో కట్టించుకుని ఆ రోడ్డు మీదికి పోండి. శ్రీహరికోట లోపలికి పాసు లేకుండా పోనివ్వరు, మీకు ఆ అవసరం కూడా లేదు, రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, రోడ్డు పక్కనే దిగుతాయి. దూరానికి తెల్లగా ఒక గీత లాగా కనిపిస్తాయి. కాసేపు కదలకుండా నిలబడితే అవి ఎట్లా తింటాయో తెలుస్తుంది. పొడుగు మెడ వంచి, ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదను కాళ్లతో కలియబెడుతూ, నీళ్లు వడకట్టి చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగుల్ని పట్టుకుంటాయి. ఆ తిండి వల్లే రెక్కలకు గులాబీ రంగు. ఒక్కటి లేచిందంటే గుంపంతా లేస్తుంది, అప్పుడు రెక్కల కింద దాచుకున్న ఎరుపు బయటపడుతుంది. చప్పట్లు కొట్టి లేపొద్దు, దయచేసి. వేల మైళ్లు వచ్చిన పక్షులు కూడా ఆ నీళ్లలో ఉంటాయి, వాటి తిండి చెడగొట్టొద్దు. అద్దెకైనా సరే బైనాక్యులర్ తెచ్చుకోండి, కెమెరా కన్నా అదే ముఖ్యం. ఆ ఏడు వానలు మరీ ఎక్కువై సరస్సు లోతుగా ఉంటే పక్షులు దూరంగా ఉంటాయి, అది మన చేతిలో లేదు.

దొరవారిసత్రం దగ్గర నేలపట్టు దారిలోనే పడుతుంది, చెరువులో నిలబడిన చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతుంటాయి. అయిదో రోజు మధ్యాహ్నం తూపిలిపాలెం పోండి, ఇసుక శుభ్రంగా ఉంటుంది, మత్స్యకారుల పడవలు తప్ప సందడి ఉండదు. ఆ దగ్గరే నేను చెప్పిన దుగరాజపట్నం. సముద్రంలోకి మాత్రం మోకాళ్ల దాకే. మన తీరంలో అల లోపలికి గుంజుతుంది, ఈత వచ్చినవాళ్లకైనా ప్రమాదమే. సాయంత్రం సూళ్లూరుపేటలో చెంగాళమ్మను చూడండి, రాత్రీ పగలూ తలుపులు మూయని గుడి.

ఆరో రోజు కారు వద్దు, టాక్సీ వద్దు. సూళ్లూరుపేట నుంచి మద్రాసు సెంట్రల్‌కు లోకల్ రైళ్లున్నాయి. ఆఫీసుల వేళ కాకుండా పది దాటాక ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి, పల్లె మెల్లగా పట్నం అవుతుంటే కిటికీలోంచి చూడొచ్చు.

మద్రాసులో రెండు రాత్రులకు అన్నీ చూడాలనుకోవద్దు. మహాబలిపురం ఈసారికి వదిలేయండి, దానికి విడిగా రెండు రోజులు ఇవ్వాలి. ఎగ్మోరు మ్యూజియం తప్పకుండా చూడండి, అదీ శుక్రవారం సెలవే. మన అమరావతి శిల్పాలు అక్కడ ఉన్నాయి, సున్నపురాతిలో చెక్కిన మనుషుల ముఖాల్లో ఆ నవ్వు దగ్గరగా నిలబడి చూడండి. తర్వాత సెయింట్ జార్జి కోట. చంద్రగిరిలో మొదలైన కథ అక్కడ ముగుస్తుంది. మర్నాడు పార్క్ టౌన్‌లో ఎలివేటెడ్ రైలెక్కి మైలాపూరు దిగండి, కపాలీశ్వరుడి గుడి, కోనేటి చుట్టూ వీధులు, ఫిల్టరు కాఫీ. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన ఇల్లు స్మారకంగా ఉంది. తెలుగువాళ్లలో చాలామంది దాని ముందు నుంచే పోయి కూడా లోపలికి అడుగుపెట్టరు. మీరు పోండి.

టి.నగర్‌కు మాత్రం వద్దమ్మా. నువ్వు పట్టుచీరలు విప్పించుకుంటూ ఉంటే అల్లుడుగారు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటారు. చీర కావాలంటే నాకు చెప్పు, వెంకటగిరి నుంచి తెప్పిస్తాను.

అల్లుడుగారూ, మీకు ఒక్క మాట. ఆఫీసు లాప్‌టాప్ ఇంట్లో పెట్టి రండి. అమ్మాయికి ఘాట్ రోడ్డులో తల తిరుగుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే, సిగ్గుపడి చెప్పదు. ముందు సీటు తనకివ్వండి, ఎక్కే ముందు కడుపు నిండా తిననివ్వకండి, నిమ్మకాయ దగ్గర ఉంచండి.

తేదీలు ఖాయం చేసి ఈ ఆదివారంలోగా ఫోన్ చెయ్యండి. కొండ మీద టూరిజం వాళ్ల గదులు శనివారాలకు ముందుగా నిండిపోతాయి, కారు డ్రైవరుతో పెద్దనాన్న మాట్లాడతారు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ