కరెంటు ఎవరు కనిపెట్టారు? వైండింగ్ షాపులో పెరిగినవాడి జవాబు

ట్యూషన్‌లో ఫ్రాంక్లిన్ అని చెప్పారు, వాళ్ళ తాతేమో ఎడిసన్ అంటున్నాడు, మా బాబుకు ఏది చెప్పాలి అని అడిగారు కదా. ఇద్దరూ కాదు. అసలు ఒక్క పేరు చెప్పి తప్పించుకునే ప్రశ్న కాదిది. కానీ నన్ను పట్టుబట్టి ఒక్కటే చెప్పమంటే ఫారడే అంటాను. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మాది పరకాల దగ్గర ఊరు. బాపుకు, అంటే మా నాన్నకు, మోటార్ వైండింగ్ షాపు ఉండేది, కాలిన మోటార్లకు రాగి తీగ మళ్ళీ చుట్టే షాపు. పత్తికి, మిర్చికి నీళ్ళు పెట్టే రోజుల్లో షాపు ముందు కాలిన మోటార్లు వరసగా ఉండేవి. అప్పట్లో వ్యవసాయానికి ఇప్పటిలా 24 గంటల కరెంటు లేదు, ఆ ముచ్చట 2018 నుంచి. ఏ అర్ధరాత్రో వచ్చే కరెంటు కోసం అందరూ కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ పెట్టుకుని పడుకునేవాళ్ళు. మోటారుకు కరెంటు మూడు వైర్లలో వస్తుంది, వాటినే మూడు ఫేజులు అంటారు. వాటిలో ఒకటి పోయినా తిరుగుతున్న మోటారు ఆగదు, మిగిలిన రెండింటి మీదే భారం లాగుతూ కాలిపోతుంది. విప్పి చూస్తే రెండు ఫేజుల కాయిళ్ళు బొగ్గులా, మూడోది కొత్తదానిలా ఉంటుంది. బాపు అది చూసి, రైతు ఇంకా నోరు తెరవకముందే "ఫేజు పోయింది కాకా" అనేవాడు.

నాకు మొదటి పాఠం ఆ షాపులోనే, దెబ్బతో. ఏడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, సింగిల్ ఫేజ్ మోటారుది కెపాసిటర్ విప్పి బల్ల మీద పెట్టి ఉంది. దేనికీ వైరు లేదు కదా అని రెండు కొనలూ పట్టుకున్నా. భుజం దాకా గుంజింది, స్టూలు మీది నుంచి కింద పడ్డా. బాపు నవ్వుతూ లేపి, "దాంట్ల కరెంటు దాసుకుంటది బిడ్డా" అన్నాడు. సరిగ్గా ఇదే దెబ్బ తిన్న పెద్దమనిషి ఒకాయన హాలెండ్‌లో ఉన్నాడని చాలా ఏళ్ళకు తెలిసింది. పేరు ముషెన్‌బ్రూక్, ఊరు లైడెన్. 1746లో నీళ్ళు పోసిన గాజు సీసాలో కరెంటు నిల్వ పెట్టి, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో తీగ ముట్టుకున్నాడు. ఫ్రాన్స్ రాజ్యం మొత్తం ఇస్తానన్నా మళ్ళీ ఆ పని చెయ్యనని స్నేహితుడికి ఉత్తరం రాశాడట. నేను ఉత్తరం రాయలేదు గాని బాధ మాత్రం అదే.

ఇక మీ ఫ్రాంక్లిన్ సంగతి. 1752లో ఉరుముల మబ్బుల్లోకి గాలిపటం ఎగరేసిన కథ ఆయనదే. అయితే అప్పటికే గాజు సీసాలు, నిప్పురవ్వలు, దారం గుండా కరెంటు పంపడాలు అన్నీ ఉన్నాయి. పట్టుతాడు కరెంటును ఆపుతుంది, జనపతాడు పోనిస్తుంది అని 1729లోనే స్టీఫెన్ గ్రే చేసి చూపాడు. ఫ్రాంక్లిన్ తేల్చింది ఏంటంటే, ఆకాశంలో మెరుపూ సీసాలో రవ్వా రెండూ ఒకటే అని. అది కూడా ఆయన రాసిన పద్ధతి చదివి ఫ్రాన్సులో వాళ్ళు ఒక నెల ముందే చేసేశారు, నలభై అడుగుల ఇనుప కడ్డీతో. మరుసటి ఏడాది రష్యాలో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఇట్లాంటి ప్రయోగంలోనే పిడుగు తగిలి చనిపోయాడు. గాలిపటం బొమ్మ చూపించేటప్పుడు మీ బాబుకు ఇది కూడా చెప్పండి.

ఇంకో తమాషా. ఇంగ్లీషు వాళ్ళ మాట ఎలక్ట్రిసిటీ చెట్టు బంక గట్టిపడి రాయిలా అయిన ఆంబర్‌కు గ్రీకులు పెట్టిన పేరు నుంచి వచ్చింది. దాన్ని బట్టకు రుద్దితే ఈకలను లాగుతుంది, దువ్వెన కాగితం ముక్కలను లాగినట్టు. 1600లో గిల్బర్ట్ అనే డాక్టరు ఆ పేరునే వాడాడు. మనమేమో మెరుపు పేరే పెట్టుకున్నాం, విద్యుత్తు అని. ఊళ్ళో ఎవరన్నా ఆ మాట అంటారా? కరెంటు. పారేది అని అర్థం. ఆ లెక్కన పట్టుకుంటే కరెంటును మొదట పారించింది వోల్టా, 1800లో, రాగి, జింకు బిళ్ళల మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డముక్కలు పెట్టి. అంతకుముందు ఉన్నదంతా చిటుక్కుమనే రవ్వే, నిలబడి పారేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. చిన్నప్పుడు నన్ను తినేసిన ప్రశ్న ఒకటుంది. మూడు ఫేజుల మోటారు విప్పితే బయట కదలకుండా ఉండే స్టేటర్‌లోనే రాగి తీగ అంతా ఉంటుంది. మధ్యలో తిరిగే రోటర్‌కు ఒక్క వైరు కూడా ఉండదు. లోపల అల్యూమినియం కడ్డీలు, రెండు చివర్లా రింగులు, పంజరంలాగ, అంతే. కరెంటే ఇవ్వనిది ఎట్లా తిరుగుతుంది? బాపును అడిగితే "దాని పుట్టుకే అట్ల" అన్నాడు. వేల మోటార్లు చుట్టిన మనిషి, తప్పుపట్టను, చుట్టడానికి ఆ జవాబు అవసరం లేదు. నాకు జవాబు దొరికింది వరంగల్‌లో ఐటీఐ చదివేటప్పుడు.

1820లో డెన్మార్క్‌లో ఎర్‌స్టెడ్, తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని చూశాడు. కరెంటు నుంచి అయస్కాంతం వస్తుందన్న మాట. మరి అయస్కాంతం నుంచి కరెంటు రాదా? దీని వెంట పడ్డవాడు ఫారడే. కమ్మరి కొడుకు, చిన్నప్పుడు పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనిచేశాడు, లెక్కలు పెద్దగా రావు. 1831 ఆగస్టులో ఒక ఇనుప రింగుకు రెండు వైపులా రాగి తీగలు చుట్టాడు. అప్పుడు ఎనామిల్ తీగ, అంటే పైన కరెంటును ఆపే పూత ఉన్న తీగ, దొరకదు కాబట్టి చుట్టు చుట్టుకూ మధ్య పురికొస, పొరకూ పొరకూ మధ్య నూలుగుడ్డ పెట్టుకుంటూ చుట్టాడు. ఇది చదివినప్పుడు నాకు మా షాపే గుర్తొచ్చింది, ఎందుకంటే స్టేటర్‌లో తీగ కూర్చునే గాళ్ళలో, అదే స్లాట్లలో, ఇన్సులేషన్ పేపర్లు కత్తిరించి పెట్టే పని నాదే, ఒక్క చోట తీగ గీసుకుపోయినా వార్నిష్ కొట్టి ఆరబెట్టినంక షార్టు బయటపడి మొత్తం పీకి మళ్ళీ చుట్టాలి. ఫారడే ఒక కాయిల్‌కు బ్యాటరీ కలిపితే, ఏమాత్రం తగలని రెండో కాయిల్ దగ్గర ముల్లు కదిలింది. అదీ కలిపిన క్షణం, తీసిన క్షణం మాత్రమే. అక్టోబరులో కాయిల్‌లోకి అయస్కాంతం దూర్చి లాగి చూశాడు, కరెంటు పుట్టింది. కదలిక ఉంటేనే కరెంటు, ఊరికే పెడితే రాదు. రామగుండం, చెల్పూరు కరెంటు కేంద్రాల్లో బొగ్గు మండించి టర్బైన్లు తిప్పేది దీనికోసమే.

నా రోటర్ సంగతీ ఇదే. స్టేటర్‌లో మూడు ఫేజులు ఒకదాని వెనక ఒకటి వస్తూ అయస్కాంత బలాన్ని గుండ్రంగా తిప్పుతాయి, అది అల్యూమినియం కడ్డీలను దాటుకుంటూ పోతుంటే వాటిలో కరెంటు దానంతటదే పుడుతుంది, ఆ కరెంటుకు మళ్ళీ అయస్కాంతం, దాంతో రోటర్ వెంటపడి తిరుగుతుంది. మోటార్ ప్లేటు మీద 2880 అని చూసే ఉంటారు. బయట తిరిగే బలం నిమిషానికి 3000 చుట్లు, రోటర్ ఎప్పుడూ కొంచెం వెనకే. అందుకుంటే కడ్డీలను దాటేది ఏమీ ఉండదు, కరెంటు ఆగిపోతుంది. ఇది అర్థమైన రోజు సెలవు పెట్టి ఊరికి వచ్చి బాపుకు చెప్పా. మొత్తం విని, "ఐతే కాలిపోకుండ ఏం జెయ్యాల్నో జెప్పు" అన్నాడు.

తిరిగే అయస్కాంత బలం గురించి ఇటలీలో ఫెరారిస్, అమెరికాలో టెస్లా 1888లో విడివిడిగా బయటపెట్టారు. మన బోర్ల దగ్గర తిరిగే మూడు ఫేజుల పంజరం మోటారు మాత్రం డొలివో డొబ్రొవోల్‌స్కీ పని, 1889. ఈయన పేరు నోరు తిరగకే ఎవరికీ గుర్తులేదని నా అనుమానం. 1891లో జర్మనీలో 175 కిలోమీటర్ల దూరం నుంచి మూడు ఫేజుల కరెంటు తెచ్చి చూపించినప్పుడు, దాంతో బల్బులు వెలిగించడమే కాకుండా ఒక మోటారుతో నీళ్ళు తోడి జలపాతంలా పోయించారు. అంటే మన పంపుసెట్టే. ఎడిసన్ 1882లో న్యూయార్కులో పెట్టిన డీసీ కరెంటు, అంటే ఎప్పుడూ ఒకే దిక్కుకు పారేది, మైలు దూరం పోవడానికే ఆయాసపడేది, తాతగారికి ఈ సంగతి మెల్లగా చెప్పండి, బాధపడతారు.

పరీక్షలో మాత్రం సార్ చెప్పిందే రాయమనండి, మార్కులు ఎందుకు పోగొట్టుకోవడం. ఆదివారం పూట దగ్గర్లో ఏదైనా వైండింగ్ షాపుకు తీసుకుపోయి రోటర్ చూపించండి, దీనికి వైరేదని మీ బాబునే అడగనివ్వండి. బల్ల మీద కెపాసిటర్ ఉంటే ముట్టొద్దని ముందే చెప్పండి.