ప్రిన్సిపాల్ ఆపేసిన కథనం గురించి

చి. సంహితకు చిన్నతాత ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్కడ అమెరికాలో మనబడి క్లాసుల్లో నేర్చుకున్న తెలుగులో ఇంత కోపం పలికించావంటే ముచ్చటేసింది. బాత్రూముల్లో పిల్లలు వేపింగ్ చేస్తున్నారని, అంటే ఈ-సిగరెట్లు పీలుస్తున్నారని, బడివాళ్లు వాటికి తాళాలు వేయడం, దాని మీద మీ బడి పత్రికకు నువ్వు రాసిన కథనాన్ని ప్రిన్సిపాల్ ఆపేయడం, అంతా అర్థమైంది. "నాకు ఫస్ట్ అమెండ్‌మెంట్ లేదా తాతా?" అన్నావు, మాటకూ రాతకూ స్వేచ్ఛనిచ్చే మీ రాజ్యాంగ సవరణ గురించి. ఉందమ్మా. కాకపోతే నువ్వు అనుకున్నంత లేదు.

(మీ దగ్గర పబ్లిక్ స్కూలంటే సర్కారు బడి. ఇక్కడ ఆ పేరు తగిలించుకున్నవి చాలావరకు ఫీజుల బడులే. నీ ప్రిన్సిపాల్ ప్రభుత్వం తరఫు మనిషి కాబట్టే ఆ అమెండ్‌మెంట్ ఆవిడకు అడ్డొస్తుంది. ప్రైవేటు బడికి అది వర్తించదు.)

ఆవిడకు టింకర్ కేసు చూపించానన్నావు. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రం డిమాయిన్‌లో వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్లబట్ట కట్టుకొచ్చిన పిల్లల కేసది. అప్పుడు మేరీ బెత్ టింకర్‌కు పదమూడేళ్లు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు హక్కులు విడిచి బడిలోకి రానక్కర్లేదని 1969లో సుప్రీంకోర్టు 7–2తో తేల్చింది. గొప్ప తీర్పే. కానీ ఆ నల్లబట్ట పిల్లలది. నువ్వు రాసే పత్రిక బడిది.

నువ్వు చదవాల్సింది హేజల్‌వుడ్ కేసు. 1983లో మిస్సోరీలో ఒక హైస్కూలు పత్రిక అచ్చుకు వెళ్లబోతుంటే, ప్రిన్సిపాల్ రెండు పేజీలు తీయించేశాడు. ఆయన అభ్యంతరం రెండు కథనాల మీద: ఒకటి గర్భవతులైన విద్యార్థినుల గురించి, ఇంకొకటి విడాకుల గురించి. ఆ పేజీల్లోనే ఉన్న మిగతావాటితో తనకు పేచీ లేదని ఆయనే కోర్టులో చెప్పాడు. అయినా అవీ పోయాయి. 1988లో కోర్టు 5–3తో ఆయన పక్షాన నిలిచింది. బడి నడిపే పత్రికలో చదువుకు సంబంధించిన సహేతుకమైన కారణం ఉంటే కోత పెట్టవచ్చన్నది.

అయితే ఆయన చెప్పిన కారణాలు చూడు. పేర్లు మార్చినా ఆ అమ్మాయిలెవరో పోల్చుకోవచ్చు. విడాకుల కథనంలో తండ్రిని కూతురు తప్పుపట్టింది, ఆయన వాదన ఎవరూ అడగలేదు. ఏ న్యూస్‌డెస్క్‌లోనైనా సబ్ఎడిటర్ అడిగే ప్రశ్నలే ఇవి!

నా సంగతీ చెప్పనా? తొమ్మిదో తరగతిలో మేం చేతిరాత గోడపత్రిక నడిపాం. హాస్టల్ బియ్యం వార్డెన్ తినేస్తున్నాడని రాశాను. హెడ్మాస్టరు అందరి ముందూ చించేశాడు. చించినందుకు కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ నెల బియ్యం సగమే వచ్చిందని తర్వాత తెలిసింది. వార్డెన్ గది మా గదికి నాలుగు అడుగుల దూరం. వెళ్లి అడగలేదు.

కాబట్టి ముందు నీ కథనంలో చిల్లులు పూడ్చు. ఎన్ని బాత్రూములు, ఏ పీరియడ్‌లో మూస్తున్నారు, ఎవరి ఆదేశం? స్వయంగా తిరిగి రాసుకో. తర్వాత, ఎందుకు ఆపారో ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడుగు. "బడి పరువు" అని కాగితం మీద పెట్టడానికి ఎవరైనా జంకుతారు.

కాలిఫోర్నియాలో 1977 నుంచి, కాన్సాస్‌లో 1992 నుంచి విద్యార్థి పత్రికలకు రక్షణ చట్టాలున్నాయి. ఆ కాన్సాస్‌లోనే 2017లో పిట్స్‌బర్గ్ హైస్కూలు పిల్లలు కొత్తగా నియమించిన ప్రిన్సిపాల్ డిగ్రీల మీద ఆరా తీశారు. కథనం వచ్చిన కొద్దిరోజులకే ఆవిడ రాజీనామా చేసింది. మీ టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. అయినా మీ బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ నిబంధనలు తిరగెయ్యి. తుది నిర్ణయం విద్యార్థి ఎడిటర్లదేనని ఎక్కడైనా ఉంటే, ఏళ్లుగా ఆచారం అలాగే ఉంటే, హేజల్‌వుడ్ పట్టు సడలుతుంది. 1974లో పెట్టిన స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్ వాళ్లు ఇలాంటి సందేహాలకు ఉచితంగా సలహా ఇస్తారు, రాయి.

ఇన్‌స్టాలో పెట్టేస్తానన్నావు. బయట, సొంత ఫోన్లో మాట్లాడితే బడి అధికారం చాలావరకు తగ్గుతుందని 2021లో మహనోయ్ కేసులో మీ సుప్రీంకోర్టు 8–1తో తీర్పిచ్చింది. హక్కు ఉంది. కానీ తొందరపడకు, ఇంకా చివరి దారి దాకా రాలేదు నువ్వు.

ఇక్కడి సంగతొకటి. జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, పాడకుండా ఊరుకున్నారని కేరళలో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, 1986లో మన సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అందులో జెండా వందనం మీద 1943లో వచ్చిన మీ అమెరికా తీర్పును ప్రస్తావించారు. దొరికితే చదువు, భాష తేలిగ్గానే ఉంటుంది.

తిరగరాసిన కథనాన్ని ఈ ఆదివారంలోగా పంపు. అన్నట్టు, ఆ తాళాలు వేసే మనిషిని అడిగావా? నీ కథనంలో ఆయన మాట ఒక్కటీ కనబడలేదు.

చిన్నతాత
విజయవాడ